జాకీ ఎత్తును, మోయదు

బండికి కందెన వేయుట మన పల్లెలలో పెద్దలకు జ్ఞాపకమున్న పనియే. గడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి కందెన చేసి, వెదురు గొట్టములో నింపి బండికి వ్రేలాడదీసెడివారు. కందెన వేయు దినమున ఎడ్లను విప్పి, కాడిని నేలకు దింపి, ఇరుసు క్రింద ఒక మొద్దును నిలిపి, ఆ తరువాతనే చీల ఊడదీసి చక్రమును లాగెడివారు. మొద్దు నిలుపక చక్రమును లాగుటకు సాహసించిన రైతు ఉండడు. మనుష్యులు బండిని ఎత్తుదురు, మొద్దు బండిని మోయును. ఎత్తుట వేరు, మోయుట వేరు. ఈ భేదమును బండి తోలువాడు ఏ గ్రంథమును చదువకయే ఎరిగియుండెను. మోటారు కారు వచ్చి, దానితో జాకీ అను పరికరము చేతికి వచ్చిన తరువాత, ఎత్తిన వస్తువే మోయును గదా అను భ్రమ మనలో ప్రవేశించినది. ఆ భ్రమను తొలగించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గృహస్థులలో పాత కారును వదలుకొనలేక ఇంటి మనిషి వలె చూచుకొనువారు లేకపోలేదు. ఆదివారము ఉదయమున కారును తామే కడిగి, తామే గ్రీజు పెట్టుకొనుట వారికి వేడుక. ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడిన తరువాత యంత్రశాస్త్రము చదువు యువకులు ఈ కొండల నడుమకే వచ్చి చేరినారు. అట్టివారు సెలవులకు ఇంటికి పోయినపుడు తాతగారి నాటి కారు క్రిందికి దూరి, దాని మర్మము తెలిసికొనవలెనని ఉబలాటపడుట సహజము. ఆ ఉత్సాహమును మేము కాదనము. మోటారు వాహనమును గూర్చి చేతులకు నూనె అంటించుకొని నేర్చిన విద్య పుస్తకములో దొరకదు. కాని కారు ప్రక్కన నిలిచి చేయు పని వేరు, కారు క్రింద పరుండి చేయు పని వేరు. కారు జారినచో క్రింద ఉన్నవానికి తప్పించుకొను వ్యవధి ఉండదు. అరచుటకు కూడ వ్యవధి ఉండకపోవచ్చును.

బరువు ఎంతయో ముందుగా లెక్క వేసికొందము. ఒక చిన్న పాత కారు సుమారు 800 కిలోలు తూగును. ఇంటి కట్టడమునకు వచ్చు సిమెంటు బస్తా 50 కిలోలు గనుక, కారు పదునారు బస్తాల బరువు. ముందు భాగమును మాత్రమే ఎత్తినను అందులో సుమారు సగము, అనగా ఎనిమిది బస్తాల బరువు, జాకీ తలమీద నిలిచియుండును. ఆ జాకీ తల మన అరచేతికంటె చిన్నది. ఈ లెక్క మనస్సునందు ఉంచుకొన్నచో మిగిలిన సూచనలన్నియు వాటంతట అవియే బోధపడును.

ఉదాహరణకు తెలుగునాట రోడ్లకు పరిచయమైన ఒక కారునే తీసికొందము. మదరాసులోని స్టాండర్డు మోటారు కంపెనీ 1961 నుండి స్టాండర్డు హెరాల్డు అను కారును తయారు చేసినది. దీనికి మూలము 1959లో ఇంగ్లండునందు వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు. దాని రూపకల్పన చేసినవాడు మికెలోటి అను ఇటలీ దేశపు శిల్పి. 948 ఘన సెంటీమీటర్ల ఇంజను, ఇరువది అయిదడుగుల చోటులో గిరుక్కున తిరుగగల ముందు చక్రములు, బానెట్టు మొత్తము ఒక్క పెంకు వలె ముందుకు వాలి తెరచుకొను ఏర్పాటు, ఇవి దాని విశేషములు. ఇంగ్లండులో రెండు తలుపులతోనే అమ్ముడుపోయిన ఈ కారునకు మన దేశమున నాలుగు తలుపులు కూడ పెట్టిరి. కుటుంబములు పెద్దవి గదా.

ఈ హెరాల్డు చట్రమునే కురచ చేసి, ఇద్దరు మాత్రమే కూర్చుండు స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారును ఇంగ్లండులో 1962లో విడుదల చేసిరి. హెరాల్డునకు ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ దూరము 2.32 మీటర్లు, స్పిట్‌ఫైరునకు 2.11 మీటర్లు. స్పిట్‌ఫైరు మన దేశమున తయారు కాలేదు. కాని ప్రపంచమున ఆ కారును పోషించువారు ఎత్తుటయందును, గ్రీజు పెట్టుటయందును ఏ నియమములు పాటింతురో, మన హెరాల్డు యజమానులకును ప్రధానముగా అవియే నియమములు. అన్నదమ్ముల పిల్లల వలె ఆ రెండు కార్లకు కాళ్ళు ఒక్కటే.

అసలు గ్రీజు పెట్టవలసిన అవసరమేమి అని నేటి కార్లకు అలవాటుపడినవారు అడుగవచ్చును. నేటి కారులో కీళ్ళు చాలవరకు తయారీ నాడే నూనె నింపి, రబ్బరు తొడుగుతో మూసివేయబడినవి. పాడైనపుడు కీలునే మార్చుదురు. పాత కారులో అట్లు కాదు. ఉక్కు ఉక్కుతోను, ఉక్కు కంచుతోను ఒరసికొను చోట్ల నిపిల్ అను చిన్న మొటిమ ఉండును. గ్రీజు గన్నుతో దాని ద్వారా కొత్త గ్రీజు ఎక్కించినచో లోపలి పాత గ్రీజును, దానితో పట్టిన దుమ్మును, నీటి చెమ్మను అది బయటికి నెట్టివేయును. కనుక గ్రీజు పెట్టుట కీలును నునుపు చేయుట మాత్రమే కాదు, కీలును కడుగుట కూడ. మన ప్రాంతపు ఎండ గాలిలోని సన్నని దుమ్ము, వాన వెలిసిన తరువాత చక్రములకు అంటు రేగడి బురద, ఈ రెండును కీళ్ళకు శత్రువులు. అందుచేత కంపెనీ వారి పుస్తకములో చెప్పిన దూరము పూర్తి కాకున్నను, వానకాలము ముగియగానే ఒకసారి గ్రీజు పెట్టించుట మంచిది.

ఇప్పుడు పని ఆరంభింతము. జాకీని ముట్టుకొనుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ పనికి కారు క్రిందికి పోవుట నిజముగా అవసరమా? హెరాల్డు వంటి కారునకు బానెట్టు మొత్తము ముందుకు వాలును గనుక ముందు చక్రముల కీళ్ళు, స్టీరింగు కడ్డీలు ప్రక్కనుండియే చేతికి అందును. చక్రమును నేలనుండి కొంచెము లేపి, కారును స్టాండులమీద నిలిపి, ప్రక్కన పీట వేసికొని కూర్చుండి ఆ పని ముగింపవచ్చును. వెనుక భాగమున, నడుమ గిరగిర తిరుగు కడ్డీకి మాత్రమే క్రిందికి పోవలసి వచ్చును. ఆ పనికి సర్వీసు స్టేషనులో గొయ్యిగాని, కారును పైకెత్తు లిఫ్టుగాని ఉన్నచో అచ్చటికే తీసికొని పోవుట మేలు. క్రిందికి పోవలసిన పనులు ఎంత తగ్గిన అపాయము అంత తగ్గును.

రెండవది నేల. కడప జిల్లాలో ఇండ్ల ముంగిళ్ళు నాపరాళ్ళతో పరచినవి. చూచుటకు చదును, నడచుటకు గట్టి. కాని ఆ బండ పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. క్రింద మట్టి సమముగా కూరియున్నచో ఎంత బరువునైనను తాళును. ఒక మూల క్రింద బోలుగా ఉన్నచో జాకీ బరువు ఒక్కచోట పడగానే ఫెళ్ళున పగులును. అది ముందుగా హెచ్చరిక ఇయ్యదు. బండమీద చిన్న సుత్తితో కొట్టి చూడవలెను. బోలు ధ్వని వచ్చిన బండను విడిచిపెట్టవలెను. ఎచ్చటనైనను జాకీ క్రిందను, స్టాండుల క్రిందను వెడల్పయిన మందపాటి చెక్క పలక వేసినచో బరువు పరచుకొనును. నల్లరేగడి నేలమీద ఈ పని అసలు తలపెట్టరాదు. వేసవిలో అది బీటలు తీసి గట్టిగా కనిపించును. లోపల ఒక జాన లోతున మెత్తగా ఉన్నదో లేదో పైకి తెలియదు. తారు పోసిన నేల కూడ మే నెల మధ్యాహ్నమున మెత్తబడి స్టాండు కాళ్ళను లోపలికి మ్రింగును. ఇక కొండ పాదమున వాలు నేలలు కలవు. ఇడుపులపాయ పరిసరములలో చదునుగా కనిపించు ముంగిలి కూడ కొంత వాలి ఉండవచ్చును. ఒక గోలీని నేలమీద ఉంచి చూడుడు. అది తానుగా దొర్లినచో ఆ చోటు మనకు పనికిరాదు.

మూడవది చక్రములకు అడ్డు. ఘాటు రోడ్డుమీద లారీ ఆగగానే క్లీనరు కుర్రవాడు దుమికి చక్రము వెనుక చెక్క దిమ్మను పెట్టుట మనము చూచినదే. బ్రేకు ఉండగా దిమ్మ ఎందుకని అతడు వాదింపడు. మనము కూడ వాదింపరాదు. హ్యాండు బ్రేకు వెనుక చక్రములను మాత్రమే పట్టును. వెనుక భాగమును ఎత్తినపుడు ఆ చక్రములు గాలిలో ఉండును. అప్పుడు హ్యాండు బ్రేకు ఎంత బిగించినను కారును నిలుపునది ఏదియు లేదు. గేరులో ఉంచితిమి గదా అని కొందరు ధైర్యపడుదురు. అదియు సరికాదు. వెనుక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్ల చక్రముల పెట్టె ఉన్నది. మలుపులో ఒక చక్రము వేగముగాను, మరియొకటి నెమ్మదిగాను తిరుగనిచ్చుట దాని పని. ఒక్క వెనుక చక్రమును మాత్రమే పైకెత్తినచో, గేరు నడిమి కడ్డీని బిగబట్టియున్నను, గాలిలోని చక్రము వెనుకకు తిరుగుచు నేలమీది చక్రమును ముందుకు పోనిచ్చును. కనుక నేలమీద ఉన్న చక్రములకు ముందును వెనుకను గట్టి చెక్క దిమ్మలు పెట్టుట తప్పనిసరి. గుండ్రని రాళ్ళు పనికిరావు. చక్రముతోపాటు అవియు దొర్లును.

నాలుగవది జాకీ. దీనిలో మూడు జాతులు మన గ్యారేజీలలో కనిపించును. మర తిప్పి ఎత్తు స్క్రూ జాకీ ఒకటి. మర పండ్ల రాపిడియే దానిని క్రిందికి దిగనీయక ఆపును. కాని దాని అడుగు ఇరుకు. ప్రక్కనుండి త్రోపు తగిలినచో ఒరగును. నూనె ఒత్తిడితో ఎత్తు సీసా జాకీ రెండవది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ పదునేడవ శతాబ్దమున వివరించిన సూత్రమే దీనికి ఆధారము. మూసియున్న ద్రవముమీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమానముగా ప్రాకును. సన్నని గొట్టములో మన చేతితో చిన్న బలము ప్రయోగించినచో వెడల్పు గొట్టములో అది పెద్ద బలమై కారును ఎత్తును. ఇంత బలమును నిలిపియుంచునది ఏమి? లోపలి ఒక చిన్న రబ్బరు వలయము, ఒక చిన్న కవాటము. వలయము అరిగినను, కవాటములో ఇసుక రేణువు చిక్కుకొన్నను నూనె జారును, కారు దిగును. కొన్నిసార్లు నెమ్మదిగా, కొన్నిసార్లు ఒక్క క్షణములో. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదనుటకు ఇదియే కారణము.

మూడవది చక్రములు గల ట్రాలీ జాకీ. దీని చేయి పైకి లేచునపుడు నిట్టనిలువుగా లేవదు. తలుపు రెక్క తెరచుకొనునట్లు వంపుగా లేచును. పైగా కారు ఒక కొన లేచుకొలది కారు కూడ కొంచెము వంపు తిరుగును. ఈ రెండు వంపులు కలియుటకై జాకీ తన చక్రములమీద అంగుళము రెండంగుళములు దొర్లవలెను. నున్నని సిమెంటు నేలమీద అది హాయిగా దొర్లును. నాపరాళ్ళ అతుకుల సందులో జాకీ చక్రము చిక్కుకొన్నదా, అది దొర్లదు. అప్పుడు జాకీ తల కారు అడుగుమీద ఈడ్చుకొనిపోయి, పట్టు తప్పి బయటికి వచ్చును. కనుక ట్రాలీ జాకీ వాడువారు అతుకులు లేని చోట, దాని చక్రములు దొర్లగల దిశ చూచి నిలుపవలెను. నాలుగైదు ఒత్తులు కొట్టగానే ఆగి, జాకీ నిజముగా దొర్లుచున్నదో లేదో కన్నుతో చూచిన తరువాతనే మరల కొట్టవలెను.

జాకీని కారు అడుగున ఎచ్చట ఆనించవలెను? నేటి కార్లకు తలుపు క్రింది అంచుననే గుర్తులు ఉండును. హెరాల్డునకును, స్పిట్‌ఫైరునకును వెన్నెముక వంటి చట్రము వేరుగా ఉన్నది. పైనున్న రేకు శరీరము దానిమీద బోల్టులతో బిగింపబడినది. నడుమ పోవు ఆ రెండు ప్రధాన ఉక్కు దూలములే బరువు మోయుటకు తగినవి. ప్రక్కలకు చాచిన చిన్న చేతులు పలుచని రేకుతో చేసినవి, తుప్పు ముందుగా పట్టునది వాటికే. ఇంజను అడుగున నూనె నిలుచు తొట్టి పలుచని రేకు. దానిమీద జాకీ పెట్టిన సొట్ట పడును, తరువాత ఇంజనుకే చేటు. కారు లోపల కాళ్ళు పెట్టుకొను నేల రేకుమీద పెట్టిన జాకీ రేకును చీల్చుకొని లోపలికి వచ్చును. జాకీ పెట్టదలచిన చోటును ముందుగా స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడవలెను. రంగు పొక్కి లోపల ఎర్రని పొడి రాలినచో ఆ చోటు చచ్చినదని తెలిసికొనవలెను. జాకీ తలకును దూలమునకును నడుమ గట్టి చెక్క ముక్క ఉంచినచో ఇనుము మీద ఇనుము జారదు.

అయిదవది, ఈ ప్రసంగమునకు ప్రాణము వంటిది, స్టాండులు. ఉక్కుతో చేసిన, వెడల్పు కాళ్ళు గల, మోయగల బరువు తనమీద ముద్రింపబడిన స్టాండులు జంటగా కొనవలెను. ఇవి విలువైన వస్తువులు కావు. ఒక్కసారి కొన్నచో ఒక తరము వచ్చును. కారును జాకీతో ఎత్తి, రెండు ప్రధాన దూలముల క్రింద రెండు స్టాండులను ఒకే ఎత్తున నిలిపి, వాటి చీలలు పూర్తిగా దిగినవో లేవో చూచి, జాకీని మెల్లగా వదలి బరువును స్టాండులమీదికి దింపవలెను. ఇటుకలు, సిమెంటు దిమ్మలు, నాపరాతి ముక్కల దొంతరలు స్టాండులకు బదులు కావు. గోడలో ఇటుక ఎంత బరువునైనను మోయును. ఏలయన అచ్చట బరువు దానిమీద అంతటను పరచుకొని ఉండును. కారు దూలము ఇటుకమీద ఒక గీటు వలె ఆనును. అట్లు ఆనిన ఇటుక వంగదు, క్రుంగదు, ఒక్కమారుగా పగులును. నాపరాళ్ళ దొంతర అంతకంటె చెడ్డది. ఒక పొరమీద మరియొక పొర జారును. ఉక్కు విరుగుటకు ముందు వంగును, చెక్క విరుగుటకు ముందు మూలుగును. రాయికి అట్టి మర్యాద లేదు.

స్టాండులమీద నిలిచిన కారును వెంటనే నమ్మరాదు. ప్రక్కన నిలిచి రెండు చేతులతో గట్టిగా త్రోసి చూడవలెను. అటు ఇటు ఊపి చూడవలెను. గ్రీజు గన్ను నొక్కునపుడు, పట్టిన బోల్టును విప్పునపుడు మనము ప్రయోగించు బలము ఈ త్రోపు కంటె తక్కువ కాదు. పడవలసిన కారు మనము బయట ఉన్నపుడే పడుట మంచిది గదా. కదలక నిలిచినదని తేలిన తరువాత, జాకీని కూడ కొంచెము పైకి లేపి దూలమునకు తాకునట్లు మాత్రము ఉంచవలెను. విప్పిన చక్రమునుగాని స్టెప్నీనిగాని తలుపు అంచు క్రింద పడుకొనబెట్టవలెను. ఈ రెండును స్టాండునకు తోడు కాపలాదారులు. స్టాండు ఎన్నడైనను తప్పినచో కారు ఆ చక్రముమీద ఆగును, కొంత సందు మిగులును.

వెనుక చక్రముల విషయమున హెరాల్డు, స్పిట్‌ఫైరు కార్లకు ఒక ప్రత్యేకత కలదు. వాటి వెనుక ఇరుసు ఒకటే కడ్డీ కాదు. నడిమి పెట్టె నుండి అటు ఒకటి, ఇటు ఒకటి రెక్కల వలె వ్రేలాడును. పైన అడ్డముగా పరచిన కమాను పట్టీలు వాటిని పట్టియుంచును. కారును చట్రము పట్టి పైకెత్తగానే ఆ రెక్కలు క్రిందికి వ్రాలి, చక్రముల అడుగులు లోపలికి ముడుచుకొనును. చూచినవారు ఏదో విరిగినదని బెదరుదురు. విరుగలేదు. వాటి స్వభావమే అంత. చక్రముల అడుగుభాగములు లోపలికి వచ్చునని ముందుగా ఎరిగి, వ్రేళ్ళు, పరికరములు ఆ దారిలో లేకుండ చూచుకొన్న చాలును.

ఇక గ్రీజు. ఇందులోను ఈ కార్లకు ఒక మెలకువ ఉన్నది. ముందు చక్రమును మోయు నిలువు ఉక్కు కడ్డీ అడుగు కొన మరకట్టి, ఒక కంచు కీలులో దిగియుండును. స్టీరింగు తిప్పినపుడెల్ల ఆ మర కంచులో తిరుగును. ఈ కీలునకు గ్రీజు పెట్టరాదు. 90 నంబరు గేరు నూనె పెట్టవలెను. చిక్కని గ్రీజు అడుగు మరల వరకు దిగదు. దిగినను కాలక్రమమున గట్టిపడును. అప్పుడు నీరు చేరును, ఉక్కు మర తుప్పు పట్టి సన్నబడును. ఒకనాడు మలుపులో ఆ కడ్డీ విరిగి చక్రము ప్రక్కకు ఒరగును. స్పిట్‌ఫైరు యజమానులు ప్రపంచమంతట ఎరిగిన కీడు ఇది. కనుక ముందు కీలు బిరడా విప్పి, అచ్చట నిపిల్ బిగించి, గేరు నూనె నింపిన వేరొక గన్నుతో, నూనె కీలు అంచులనుండి చిమ్మువరకు ఎక్కించవలెను. చక్రము గాలిలో ఉండగా స్టీరింగును ఆ కొననుండి ఈ కొనకు రెండు మూడు మారులు తిప్పించి మరల ఎక్కించినచో నూనె మర అంతటను ప్రాకును. స్టీరింగు తిప్పువారు కిటికీ గుండ చేయి చాచి తిప్పవలెను గాని, స్టాండులమీది కారులో ఎక్కి కూర్చుండరాదు. మిగిలిన నిపిల్‌లను ముందుగా గుడ్డతో తుడిచి, ఆ తరువాత గ్రీజు పెట్టవలెను. తుడువక పెట్టినచో దుమ్మును మనమే లోపలికి నెట్టినవారమగుదుము.

గ్రీజు గన్నును కూడ తక్కువగా చూడరాదు. దాని కొనయందలి ఒత్తిడి మిక్కిలి ఎక్కువ. నిపిల్‌మీద సరిగా కూర్చుండని గన్ను ముక్కు నుండి చిమ్మిన గ్రీజు చర్మములోనికి సూది వలె దిగగలదు. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించును, నొప్పి కూడ మొదట ఉండకపోవచ్చును. లోపల మాత్రము ఆ వ్రేలే పోగొట్టుకొను ప్రమాదము కలదు. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి పోయి, గ్రీజు గన్ను ఒత్తిడితో తగిలినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. క్రింద పరుండినవారు కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. ఎండిన బురద పెళ్ళలు నేరుగా కంటిలోనే రాలును. పొగగొట్టము చల్లారు వరకు ఆగవలెను. సర్వీసు గొయ్యిలో దిగువారు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది గొయ్యిలో దిగి నిలువయుండును. అచ్చట బీడీ గాని, తెరపి దీపము గాని తగదు.

పని ముగిసిన తరువాత దింపుటయందు తొందర కూడదు. పరికరములను, గుడ్డలను, పెట్టిన చక్రమును బయటికి తీసి లెక్క చూచుకొనవలెను. జాకీతో కొంచెము లేపి, స్టాండులు తీసి, జాకీ కవాటమును ఆవగింజ అంత మాత్రమే తిప్పి మెల్లగా దింపవలెను. చక్రము విప్పియున్నచో దాని నట్లు చివరి బిగింపు నేలమీద దిగిన తరువాతనే. విప్పునపుడు కూడ మొదటి సడలింపు నేలమీదనే జరుగవలెను. గాలిలో ఉన్న చక్రము నట్లమీద బలము ప్రయోగించుట కారును మనమే త్రోసి పడవేయుట వంటిది. హెరాల్డు దిగిన తరువాత వెనుక భాగము ఎత్తుగా, చక్రములు వంకరగా నిలిచియుండును. టైర్లు నేలను పట్టుకొని యథాస్థానమునకు జారలేకపోవుటయే దానికి కారణము. కారును నాలుగడుగులు ముందుకు, వెనుకకు త్రోసినచో అదియే సర్దుకొనును.

ఇంటివారికి ఒక మాట. కారు ఎత్తియున్నంత సేపు పిల్లలను ఆ ముంగిటికి రానీయరాదు. పిల్లవానికి కారు క్రింది చోటు దాగుడుమూతల గుహ వలె కనిపించును. పని చేయువాడు ఒంటరిగా ఉండరాదు. పిలిచిన పలుకునంత దూరమున పెద్దవారు ఒకరు ఉండవలెను. రేడియో వినుచు వరండాలో కూర్చున్నను చాలును, కన్ను మాత్రము కారుమీద ఉండవలెను. దైవవశమున ఎవరైనను కారు క్రింద చిక్కుకొన్నచో, కాళ్ళు పట్టి లాగరాదు. చేతులతో ఎత్తబూని మరల జారవిడువరాదు. ముందుగా 108కి ఫోను చేసి, రెండవ జాకీతో కారును ఎత్తి, ఎత్తిన కొలది క్రింద చెక్క దిమ్మలు చేర్చుచు పోవలెను. అందుచేతనే పని ఆరంభించుటకు ముందే ఇంకొక జాకీ ఎవరి ఇంటిలో ఉన్నదో తెలిసికొని ఉండుట వివేకము.

చెప్పిన క్రమమును మరల ఒకసారి కూర్చి చెప్పెదము. క్రిందికి పోకుండ జరుగు పనిని పైనుండియే చేయుడు. చదునైన, గట్టి నేల చూచుకొనుడు. నేలమీది చక్రములకు ఇరువైపుల దిమ్మలు పెట్టుడు. దూలము పొడిచి చూచి, అచ్చటనే జాకీ ఆనించుడు. స్టాండులమీదికి బరువు దింపుడు. గట్టిగా త్రోసి చూడుడు. చక్రమును ప్రక్కన పడుకొనబెట్టుడు. ఆ తరువాతనే క్రిందికి పొండు. ఈ జాగ్రత్తలన్నిటికి పట్టు కాలము కలిపి పావుగంట. గ్రీజు పెట్టుటకు పట్టు కాలము అరగంట. అరగంట పనికి పావుగంట జాగ్రత్తయా అని విసుగు కలుగవచ్చును. తొందర కలిగిన దినమున ఆ పనిని మరియొక ఆదివారమునకు వాయిదా వేయుడు. గ్రీజు ఒక వారము ఆలస్యమైనందున ఏ కారును చెడిపోలేదు.